లూనిస్ పేరు లేని పాట

జూహర్ గొంతు తేనె అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తేనే లేదు, పాడూ లేదు. మాడిన గిన్నెని గరిటెతో గీకినట్టుండేది ఆ గొంతు. పుట్టినప్పటినుంచీ పక్కింటిదాన్ని, నాకు తెలియదా? అయినా ఆలివ్ కాయలు ఏరేటప్పుడు జూహర్ నోరు విప్పిందంటే పక్క తోటలో ఆడవాళ్ళు కూడా చేతులాపి చెవులప్పగించేవాళ్ళు. మా తిగిల్త్ ఊళ్ళో పాటకి గొంతు ఎవడిక్కావాలి? మాట కావాలి. ఆ మాట జూహర్ దగ్గర ఉండేది.

ఇద్దరు మగపిల్లల మధ్య పుట్టిన ఆడపిల్ల తను. పైన మూహూబ్, కింద లూనిస్. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి మల్హా అత్త అంజీరపు పళ్ళు ఎండబెట్టి అమ్మి, ముగ్గుర్నీ పెంచింది. జూహర్‌కి పెళ్ళయింది, కాలేదని కాదు. మొగుడు పారిస్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దాని మీద ఒక్క పాటైనా కట్టవేమే అని మేం ఏడిపిస్తే, "వాడి మొహానికి పాట కూడానా, దండగ!" అనేది.

మూహూబ్ ఫ్రెంచివాళ్ళ మీద యుద్ధంలో పోయాడు. లూనిస్ ఆ యుద్ధమంతా కొండల్లోనే ఉండి, ప్రాణాలతో దిగివచ్చాడు. స్వతంత్రం వచ్చిన రోజు అన్న జెండాని భుజాన వేసుకుని ఊళ్ళోకి వస్తుంటే మేం ఎంత గంతులేశామో చెప్పలేను. మా ముసలివాళ్ళు "కొత్తకోడలు గడపలోకొచ్చింది" అన్నారు. స్వతంత్రానికి మా ఊళ్ళో అప్పట్నుంచీ అదే పేరు. ఏడాది తిరగలేదు, లూనిస్ అదే తుపాకి తీసుకుని మళ్ళీ కొండెక్కాడు. ఈసారి మనవాళ్ళ మీదికే.

"ఎందుకురా?" అని గుమ్మానికి అడ్డంపడి అడిగాను. నాకంటే చిన్నవాడు, నేను చంకనెత్తుకుని తిప్పినవాడు.

"ఫ్రెంచివాడు పోయాడు గానీ కుర్చీ వదిలేసి పోయాడక్కా. అందులో కూర్చున్నవాడు మా అమ్మ మాట్లాడే భాష భాషే కాదంటున్నాడు" అన్నాడు.

ఆ శరత్కాలంలోనే మన సిపాయిలే వాణ్ణి కాల్చేశారు. పశువుల కాపరి వచ్చి చెబితే, నేనూ జూహర్ కింద లోయలోకి దిగాం. మోసుకురావడానికి వీల్లేదన్నారు. ఏడవడానికి కూడా వీల్లేదన్నారు. అక్కడే గొయ్యి తీసి, రాళ్ళు పేర్చి వచ్చాం. ఒకే రొమ్ము పాలు తాగారు, ఒకే కొండ మీద ఒకే తుపాకి పట్టారు. పెద్దవాడికి అమరవీరుల దిబ్బలో తెల్లరాయి, జెండా. చిన్నవాడికి లోయలో రాళ్ళకుప్ప, దేశద్రోహి అన్న పేరు. ఇదెక్కడి న్యాయమో ఈ రోజుకీ నాకు బోధపడలేదు.

ఏడవొద్దన్నారు కాబట్టి జూహర్ పాట కట్టింది. మా శోకపు పాటలు ఒక్కరు పాడేవి కాదు. పెద్దపాటకత్తె సగం చరణం అంటుంది, వెనక వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు మిగతా సగం అందుకుంటారు. జూహర్ తన సగమంతా అన్నకిచ్చింది, వరుస సగమంతా తమ్ముడికిచ్చింది. చాలా చరణాలున్నాయి. అన్నిట్లోకీ మా కడుపులు తరుక్కుపోయేది ఇది. తను అనేది:

*తలుపు తీయవే అమ్మా, మూహూబ్ వచ్చాడు,*
*కొత్తపెళ్ళికూతుర్ని వెంట తెచ్చాడు.*

మేం అందుకునేవాళ్ళం:

*తలుపు వేయకే అమ్మా, లూనిస్ బయటే ఉన్నాడు,*
*ఆ పెళ్ళికూతురే వాణ్ణి గడప తొక్కనీదు.*

ఆ పెళ్ళికూతురెవరో మాకెవరూ విప్పి చెప్పక్కర్లేదు. పదేళ్ళపాటు ఆ పాట తోటల్లోనే, గొంతు తగ్గించే పాడుకున్నాం. చనిపోయినవాడి పేరు నలుగురిలో గొంతెత్తి పాడాలంటే ముందు వాడి ఎముకలు ఊరి మట్టిలోకి రావాలి. అది మా ఆనవాయితీ. లూనిస్ ఇంకా రాలేదు.

మల్హా అత్తకి ఆ ఏళ్ళలోనే చూపు పోయింది. ఏడ్చి ఏడ్చి పోయిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. డాక్టరు శుక్లాలన్నాడు. ఏదైతేనేం, ఆవిడకి మిగిలిన కోరిక ఒకటే. ఇద్దరు కొడుకుల మధ్య తనకింత చోటు. రోజూ పొద్దున రొట్టె తింటూ జూహర్‌ని అడిగేది, "చిన్నాణ్ణి ఎప్పుడు తెస్తావే?" అని. "తెస్తానమ్మా" అనేది జూహర్. నీళ్ళు తెస్తానన్నంత మామూలుగా అనేది. తర్వాత పెరట్లోకొచ్చి నా గోడకి ఆనుకుని నిలబడేది.

యుద్ధం మొదలై ఇరవయ్యేళ్ళయిందని పెద్ద పండుగ తలపెట్టారు. అమరవీరుల దిబ్బ దగ్గరికి రాజధాని నుంచి పెద్దలొస్తున్నారు. మా ఊళ్ళో పార్టీ పెద్ద తాహర్ అంతకు పదిరోజుల ముందునుంచే కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఒక మధ్యాహ్నం జూహర్ వాకిట్లోకొచ్చి కూర్చున్నాడు. నేనక్కడే గోధుమరవ్వ జల్లిస్తున్నాను. నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఫెత్తా, నువ్వు కాస్త ఇంటికెళ్ళిరారాదా?"

"ఎందుకు? ఇల్లెక్కడికీ పారిపోదు. నువ్వు చెప్పు."

తాహర్ చెడ్డవాడని నేననను. మూహూబ్ దళంలోనే ఉన్నాడు, మూహూబ్ చచ్చిపోతుంటే తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కానీ పదవి వచ్చాక మనిషి రెండుగా చీలిపోయాడు. ఇంట్లో మాతో మా భాష, వేదికెక్కితే పుస్తకాల అరబ్బీ. ఒకసారి నేనడిగాను, "మీ అమ్మ నిన్ను ఏ భాషలో జోకొట్టిందిరా?" అని. అప్పట్నుంచీ నేనంటే గిట్టదు.

"జూహర్ చెల్లీ," అన్నాడు, "పండక్కి నీ పాట కావాలి. మూహూబ్ పాట. నువ్వూ, నీ వరుసా. మన భాషలో పాడడానికి ఒప్పించాను. ఎంత కష్టపడ్డానో దేవుడికి తెలుసు. ఒక్క పాటైనా మనది ఉండాలి గదా?"

"పాట ఇద్దరిదీ అన్నా. నీకు తెలుసు."

"తెలుసు. అందుకే వచ్చాను." వీధివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "చిన్నాడి మాట తీసెయ్యాలి."

నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. "ఏం మనిషివయ్యా నువ్వు! నడుం దాకా కోసి, బతకమంటావా?"

"నువ్వాగు ఫెత్తా!" అన్నాడు తాహర్. జూహర్ మాత్రం కోప్పడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాడి మొహంకేసి చూసింది. అప్పుడు నెమ్మదిగా అంది:

"పేరు నీకిస్తాను. మనిషిని నాకియ్యి."

"అంటే?"

"లూనిస్ ఎముకలు. అన్న పక్కన పెట్టుకుంటాం. అమ్మ ఇంకెన్నాళ్ళో ఉండదు."

తాహర్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. చేతులు పిసుక్కున్నాడు. వాడికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. మల్హా అత్త మూలన గోడకానుకుని ఉంది. కళ్ళు లేవు గానీ మొహమంతా చెవులు చేసుకుని వింటోంది. తాహర్ ఆవిడకేసి చూసి తల తిప్పుకున్నాడు.

"పండగ మర్నాడు," అన్నాడు చివరికి. "తెల్లారకముందే నలుగుర్ని పంపుతాను. రాయి పెట్టకూడదు, పేరు చెక్కకూడదు. నేను చూడలేదు, మీరు నాకు చెప్పలేదు. కానీ ఆ రోజు వాడి పేరు నోట్లోంచి వచ్చిందా, నా తల ఎగిరిపోతుంది చెల్లీ. నీ తమ్ముడు కూడా ఎప్పటికీ అక్కడే ఉంటాడు."

"రాదు" అంది జూహర్.

వాడు వెళ్ళాక మల్హా అత్త నోరు విప్పింది. "వాడి పేరు మింగేస్తావుటే?"

"మింగితే మనిషి వస్తాడమ్మా."

"అన్నని పిలిచి తమ్ముణ్ణి పిలవకపోతే వాడేమనుకుంటాడు? చిన్నప్పుడే అలిగేవాడు."

"నాలుగు రోజులు అలగనీ. వాడొచ్చిన రోజు వాడి చరణం ఊరంతా వినేలా పాడతాం. నీ చెవిన పడుతుంది చూడు. అది విన్నావంటే వాడు వచ్చినట్టే లెక్క. సరేనా?"

మల్హా అత్త ఆ మాటని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. "అది వింటే వచ్చినట్టే" అని నాలుగైదుసార్లు తనలో తను అనుకుంది. జూహర్ ముక్కు చీదుతూ నీళ్ళకుండ ఎత్తుకుని బయటికెళ్ళిపోయింది.

ఊటనీళ్ళ దగ్గర వరుసవాళ్ళందర్నీ కూడేసి చెప్పింది. "ఇకనుంచి నేనన్న సగాన్నే మీరూ తిరిగి అనండి, రెండో సగం లేదు" అని. అందరికంటే పెద్దావిడ తస్సదీత్ పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"అదేం పాటే? ఒంటి చెప్పుతో పెళ్ళికెళ్ళమన్నట్టుంది. నా నోరు తిరగదు."

"తిరగాలి పెద్దమ్మా. నా తమ్ముడి కోసం తిప్పు."

"వాడి పేరు మానెయ్యడం వాడి కోసమా? ఇదెక్కడి విడ్డూరం!"

"నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది జూహర్, నిజంగానే తడి రాళ్ళమీద వంగింది. ఆ పొగరుబోతు జూహర్! మేమందరం బిత్తరపోయాం. తస్సదీత్ పెద్దమ్మ గబగబా భుజాలు పట్టుకుని లేపి, "సరేలేవే, చచ్చినట్టు పాడతాను" అంది. రోజూ సాధన చేశారు. తప్పు పోయినప్పుడల్లా జూహర్ తిట్టేది, వాళ్ళు నవ్వేవాళ్ళు, మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. చివరికి బాగానే కుదిరింది. నేను వరుసలో లేను. పెద్దల భోజనాలకి నన్ను గుండిగల దగ్గర పెట్టారు. మా ఊళ్ళో నా చేతి గోధుమరవ్వ కూస్‌కూస్ ఆవిరికి ఉండలు కట్టదు. గొప్ప చెప్పుకోవడం కాదు, ఎవర్నైనా అడగండి.

పండగ రోజు ఎండ బాగా కాసింది. దిబ్బ నిండా జెండాలు. మల్హా అత్తని పెట్లోంచి తీసిన మంచి దుస్తులు కట్టి, వీరమాతల వరుసలో ముందు కూర్చోబెట్టారు. గుండిగలు పక్కనే కాబట్టి నాకంతా కనబడుతోంది. రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసం మొదలెట్టాడు. అరిచాడో, ఏడ్చాడో, దీవించాడో మాకేం తెలుసు? తాహర్ చప్పట్లు కొట్టిన చోటల్లా మేమూ కొట్టాం. పక్కనున్న బడిపంతులు నాకు చెవిలో చెప్పాడు. ఒకే దేశం, ఒకే జనం, ఒకే భాష అంటున్నాడట. "మరి మనమెవరమట?" అన్నాను. పంతులు దగ్గాడు.

తర్వాత జూహర్ నిలబడింది. చేతిలో డప్పు. వెనక ఆడవాళ్ళ వరుస. మొదటి చరణం బాగా వచ్చింది. జూహర్ అన్నదాన్నే వరుస తిరిగి అంది. రెండోది ఇంకా బాగా వచ్చింది. తాహర్ మొహంలో నెత్తురు చుక్క తిరిగి రావడం నేను చూశాను. రేపు తెల్లారేసరికి చిన్నాడు ఇంట్లో ఉంటాడు, దేవుడా దేవుడా అనుకుంటూ నేను గరిటె గట్టిగా పట్టుకున్నాను.

మూడోది తలుపు చరణం.

"తలుపు తీయవే అమ్మా, మూహూబ్..." అంది జూహర్.

అంతే. గొంతు పట్టేసింది. తెల్లరాయి ఎదురుగా ఉంది, పక్కన ఖాళీ నేల ఉంది. రేపు వాడొచ్చే నేల. దాన్ని చూసిందో ఏమో, మింగిన పేరే గొంతుకి అడ్డం పడిందో. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. డప్పు మీద చెయ్యి పడలేదు.

మా ఆడవాళ్ళకి పుట్టుకతో నేర్పేది ఒకటుంది. శోకపు పాటని మధ్యలో నేల మీద పడనివ్వకూడదు. పడితే ఆ ఇంట్లోంచి ఇంకో శవం లేస్తుంది. పెద్దపాటకత్తె గొంతు తెగితే వరుస అందుకోవాల్సిందే, ఇల్లు తగలబడుతున్నా సరే. ముందు కూర్చున్నది ఎవరు? అదే ఇంటి ముసలితల్లి. తస్సదీత్ పెద్దమ్మ ఒక్క క్షణం ఆగలేదు. గుక్క తిప్పుకుని ఎత్తుకుంది. పదేళ్ళుగా ఆ చోట ఆవిడ నోట్లో ఉన్నది ఒకే మాట. అదే వచ్చింది.

*తలుపు వేయకే అమ్మా, లూనిస్ బయటే ఉన్నాడు...*

వరుసంతా అందుకుంది. గొంతులన్నీ ఒక్కటై, దిబ్బంతా వినేలా, తోటల్లో పదేళ్ళు తగ్గించి పాడినదంతా ఒక్కసారి బయటికి తోసేసినట్టు పాడారు.

*ఆ పెళ్ళికూతురే వాణ్ణి గడప తొక్కనీదు.*

పాడేశాక గానీ తెలియలేదు వాళ్ళకి ఏం పాడారో. తస్సదీత్ పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఊరివాళ్ళం ఎవ్వరం ఊపిరి తియ్యలేదు. పెద్దమనుషులు మాత్రం చిరునవ్వుతో తలలూపుతున్నారు. వాళ్ళకేం తెలుసు పాపం.

అప్పుడు మల్హా అత్త కుర్చీలోంచి లేచింది.

రెండు చేతులూ ముందుకి చాచి, తడుముకుంటూ నాలుగడుగులు వేసింది. మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే సంతోషపు కూత వేసింది. గొంతు చీలిపోయిన ముసలి కూత. "వచ్చాడా?" అంది. "విన్నాన్రా, నీ చరణం విన్నాను. ఎక్కడ పెట్టారమ్మా వాణ్ణి? ఏదీ, నా చేతికివ్వండి. గుడ్డలో కట్టారా? నాకివ్వండి, నేనెత్తుకుంటాను. బరువుండడు."

జూహర్ అక్కడే రాయిలా నిలబడింది. ఎవరూ కదల్లేదు.

రాజధాని పెద్దమనిషి తాహర్‌వైపు వంగి, ఈ తల్లి ఏమంటోంది అని అడిగాడు. పంతులు తర్వాత చెప్పాడు తాహర్ ఏమన్నాడో. "ఇంకో కొడుకుంటే వాణ్ణీ దేశానికి ఇచ్చేదాన్నని అంటోందండీ" అన్నాడట. పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేదిక దిగి వచ్చి, చాచిన ఆ చేతుల్ని పట్టుకుని నుదుటికి ఆన్చుకున్నాడు. అత్త ఆ మెత్తటి చేతుల్ని తడిమి చూసి, "ఇవి కాదు" అంది.

సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళలో మా భాష తెలిసినవాడొకడున్నాడు. మా కొండలవాడే, ఉద్యోగంలో పైకి పోయినవాడు. పాటలో ఏముందో పెద్దలకి వాడే విప్పి చెప్పేశాడు. ఇంటివాడి నోరే ఇంటికి నిప్పుపెడుతుంది, ఎప్పుడూ ఇంతే. తాహర్ జూహర్ వాకిట్లోకొచ్చాడు గానీ కూర్చోలేదు.

"నేను చెయ్యగలిగిందేం లేదు చెల్లీ. నన్ను తీసేశారు. లోయలో కాపలా పెట్టారు. పార పట్టుకుని దిగినవాడు తిరిగి రాడు."

"మూహూబ్ నీ ఒళ్ళో చచ్చిపోయాడు కదరా!" అని నేను అరిచాను. "వాడి తమ్ముడి కోసం ఒక్క రాత్రి..."

"అరుచుకో ఫెత్తా, నాకు చెవుడొచ్చేదాకా అరుచుకో" అన్నాడు వాడు. పోట్లాడే ఓపిక కూడా లేదు వాడి దగ్గర. వెళ్ళిపోయాడు.

తస్సదీత్ పెద్దమ్మ తలుపు బయట మట్టిలో కూర్చుని గుండెలు బాదుకుంటోంది. "నా నోరు కాల్చండే! ఈ పాపిష్టి నోరు కాల్చండే!" అని. జూహర్ వెళ్ళి పక్కన కూర్చుంది. నేననుకున్నాను తిడుతుందని. తిడితే బాగుండును.

"నువ్వు అందుకోకపోతే అమ్మ పోయేది పెద్దమ్మా" అంది. "నేను ఆపాను. నువ్వు పట్టుకున్నావు. లేచి మొహం కడుక్కో."

లోపల్నుంచి మల్హా అత్త పిలుస్తోంది. "జూహర్, వాణ్ణి నాకు చూపించవేమే? ఎక్కడ పెట్టారు, అన్న పక్కనేనా? పొద్దున తీసుకెళ్తావా?"

జూహర్ నావైపు చూసింది. అలాంటి చూపు నా శత్రువు మొహంలో కూడా చూడకూడదు. "అన్న పక్కనేనమ్మా" అంది. "పొద్దున తీసుకెళ్తాను."

మర్నాడు అత్తని చెరోవైపు పట్టుకుని దిబ్బ దగ్గరికి నడిపించాం. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకుని తలలు దించుకున్నారు. తెల్లరాయి పక్కన ఖాళీ నేల మీద జూహర్ తల్లి చేతిని ఆన్చింది. ఆ తెల్లవారుజామునే పలుగుతో కాస్త మట్టి గుల్ల చేసి వచ్చిందని అప్పుడు గమనించాను. అత్త రెండు చేతులతో మట్టి సవరించింది, పసివాడి దుప్పటి సవరించినట్టు. కొడుకుతో ఏవేవో కబుర్లు చెప్పింది. అంజీరపు చెట్టు ఈ ఏడు కాసిందనీ, మేక ఈనిందనీ.

"పాడవే" అంది ఇంతలో. "మాటిచ్చావుగా. ఇద్దర్నీ పిలిచి పాడు."

జూహర్ పాడింది. తలుపు చరణం. నేను వరుసకి బదులు రెండో సగం అందుకున్నాను. లోయలో ఉన్నవాణ్ణి దిబ్బ మీద ఉన్నాడని ఒట్టి మట్టికి పాడాం. ఒక్క తప్పు పోలేదు, గొంతు పట్టెయ్యలేదు. అత్త తృప్తిగా తలూపింది. అదే జూహర్ పాడిన ఆఖరి పాట. ఆ మట్టిలో లేనివాణ్ణి ఉన్నాడని పాడిన నోరు ఇంక పాటకి పనికిరాదని నాతో అంది. తర్వాత పెళ్ళిళ్ళకి పిలిచారు, చావులకి పిలిచారు, పట్నం నుంచి కుర్రాళ్ళు టేపురికార్డరు పట్టుకుని వచ్చారు. గోడకి చెప్పినట్టే.

ఆ చలికాలంలో మల్హా అత్త నిద్రలోనే పోయింది. పెద్దకొడుకుకీ గుల్ల మట్టికీ మధ్య ఆవిడకి చోటిచ్చాం. ఊరంతా వచ్చింది, ఊరంతటికీ తెలుసు, ఎవ్వరూ నోరెత్తలేదు. మంచు కరిగాక కాపలా సడలుతుంది, అప్పుడు మనమిద్దరమే వెళ్ళి తెచ్చేద్దాం అని జూహర్ నాతో అనేది. అమ్మకి చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యాలన్నదే ఇంక దాని బతుకంతా.

మంచు కరిగింది. కాపలా పోయింది. కాపలా పోయిన వారానికే రోడ్డువాళ్ళు వచ్చారు. పట్నానికి కొత్త రోడ్డు, లోయని పూడ్చి వేస్తున్నారట. జూహర్ కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తింది, వెనకాల నేను. యంత్రం ముందు చేతులు చాచి నిలబడింది. "మా తమ్ముడున్నాడయ్యా ఇక్కడ! లూనిస్ ఉన్నాడు! ఒక్క పూట ఆగండి, తీసుకుపోతాను!" అని కేకలు వేసింది. నలుగురిలో గొంతెత్తి వాడి పేరు చెప్పింది అదే మొదటిసారి, అదే చివరిసారి. ఆ పనివాళ్ళు దూరప్రాంతంవాళ్ళు. వాళ్ళకి మా మాట తెలియదు, మాకు వాళ్ళ మాట తెలియదు. పొలం పోతోందని ఏడుస్తోందనుకున్నారు. ఓదార్చి, ఒక రొట్టె చేతిలో పెట్టి, మెల్లగా పక్కకి లాగారు. అప్పటికే రాళ్ళకుప్ప ఉన్న చోటు మీద లారీల కొద్దీ మట్టి పడిపోయింది.

ఇప్పుడు ఆ రోడ్డు మీద బస్సు నడుస్తుంది. జూహర్‌కి కీళ్ళనొప్పులు, పట్నం ఆసుపత్రికి వెళ్ళక తప్పదు. లూనిస్ రాళ్ళకుప్ప ఉండిన మలుపు రాకముందే బస్సు ఆపించి దిగిపోతుంది. కర్ర ఊతం చేసుకుని రోడ్డు వారన, గట్టు మీదుగా నడిచి, మలుపు దాటాక మళ్ళీ ఎక్కుతుంది. మా ఊరి డ్రైవర్లందరికీ తెలుసు, అడక్కుండానే ఆపేవాళ్ళు. పిన్ని కోసం పది నిమిషాలు ఆగితే కొంపలేం మునగవు అనేవాళ్ళు.

మొన్న శీతాకాలం వెళ్తే కొత్త డ్రైవరున్నాడు. కుర్రవాడు, మైదానంవాడు. మలుపు దగ్గరపడుతోంది. జూహర్ లేచి సీటు పట్టుకుని, "ఆపు నాయనా, ఆపు" అంది. వాడు అద్దంలోంచి చూసి అరబ్బీలో ఏదో అన్నాడు. నేను వెళ్ళి భుజం తట్టి, "ఆపవయ్యా, ముసలిది దిగుతుంది" అని అరిచాను. వాడు విసుక్కుంటూ మళ్ళీ అదే మాట అన్నాడు. వెనక సీట్లో కాలేజీ పిల్ల మాకు చెప్పింది, "మన దేశం భాషలో చెప్పమ్మా, నాకు అర్థం కావడం లేదు అంటున్నాడు పెద్దమ్మా. ఇక్కడ ఆపకూడదంట" అని.

జూహర్ ఆ పిల్ల మొహంకేసి చూసింది. వాడికేం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి? బస్సు మలుపులోకి తిరిగింది. జూహర్ గబుక్కున కూర్చుని, నొప్పుల కాళ్ళు రెండూ చేతులతో పట్టుకుని పైకి లాక్కుంది. సీటు మీద ముడుచుకుని, పాదాలు బస్సు నేలకి తగలకుండా గట్టిగా పట్టుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని, "తొక్కడం లేదురా, తొక్కడం లేదు" అంటోంది. నేనూ పక్కన కూలబడి నా కాళ్ళు ఎత్తుకున్నాను.